వార్తల్లో పదం: అబ్యూజ్ కాంటాక్ట్

ఏదైనా ఐపీ అడ్రసు నుంచి స్పామ్, ఫిషింగ్ మెయిళ్లు, హ్యాకింగ్ ప్రయత్నాలు వస్తుంటే ఫిర్యాదు చేయాల్సిన ఈమెయిల్ చిరునామాయే అబ్యూజ్ కాంటాక్ట్. ఐపీ అడ్రసులు కేటాయించే ప్రాంతీయ రిజిస్ట్రీలు ప్రపంచంలో ఐదు. ఆసియా-పసిఫిక్ రిజిస్ట్రీ ఏప్నిక్, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ కేంద్రంగా పనిచేస్తుంది.

దాని హూయిజ్ డేటాబేసులో ఐపీ అడ్రసు ఇచ్చి వెతికితే, అది ఏ సంస్థకు ఇచ్చిన బ్లాకులోదో తెలుస్తుంది. ఫిర్యాదుల ఈమెయిల్ ‘ఐఆర్‌టీ’ అనే రికార్డులో ఉంటుంది. దీన్ని 2010లో తప్పనిసరి చేశారు. పనిచేయని చిరునామా ఉన్నా లేనట్టే కాబట్టి, ఆరు నెలలకోసారి ధ్రువీకరించాలన్న నియమం 2019లో అమల్లోకి రావడం ఎంతో అవసరమైన మార్పు.

చాలామంది రిజిస్ట్రీకే ఫిర్యాదు పంపుతుంటారు. అడ్రసుల లెక్క చూడటమే దాని పని. దాడిని ఆపగలిగేది ఆ నెట్‌వర్క్ నడిపే సంస్థే. ఫిర్యాదులో తేదీ, సమయం, టైమ్‌జోన్, సర్వర్ లాగ్ తప్పక ఉండాలి. అవి లేకుంటే ఆ సమయంలో ఆ అడ్రసు వాడినదెవరో తేల్చడం కష్టం.