కొలువు బొమ్మకు కీలు కావాలి

ప్రొద్దుటూరు: రాజకీయాల్లో ఎవరినైనా కీలుబొమ్మ అంటే అది నింద. దసరా బొమ్మల కొలువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కీలున్న బొమ్మకే విలువ ఎక్కువ. నడుము వంగని, మోకాలు ముడవని బొమ్మతో దేవుణ్ణి చూపించవచ్చు గాని, పని చేసే మనిషిని చూపించలేము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో కొలువు పెట్టే ఇళ్లలో ఏటా ఎదురయ్యే చిక్కు ఇదే. దీనికి పరిష్కారం బజారులో లేదు. మన ఇంట్లోని పాత గుడ్డలోను, మూరెడు తీగలోను ఉన్నది.

కోస్తా జిల్లాల్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఆచారం ఉండగా, మన సీమలో దసరా నవరాత్రులకు పెడతారు. ప్రొద్దుటూరులో వాసవీ కన్యకా పరమేశ్వరి అమ్మవారి దసరా ఉత్సవాలు ఎంత పేరు పొందినవో జిల్లా ప్రజలకు చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లోనే ఇళ్లలో మూడు, అయిదు, ఏడు, తొమ్మిది ఇలా బేసి సంఖ్యలో మెట్లు కట్టి, తెల్లటి వస్త్రం పరచి బొమ్మలను నిలుపుతారు. పై మెట్లు దేవతలవి. కింది మెట్లు, వాటి ముందున్న నేల మనుషులవి. సంత, పెళ్లి, పొలం, బావి అన్నీ అక్కడే కొలువు తీరతాయి. ముందుగా పళ్లెంలో మట్టి పోసి రాగులో ఆవాలో చల్లి మొలిపిస్తే అదే పచ్చని చేను అవుతుంది.

జపాన్‌లో కూడా ఇటువంటి ఆచారమే ఉన్నది. అక్కడ మార్చి 3న ఆడపిల్లల పండుగకు ఎర్రని వస్త్రం పరచిన మెట్ల మీద రాజును, రాణిని, పరివారాన్ని బొమ్మలుగా నిలుపుతారు. అయితే అక్కడి మెట్ల మీద ఉండేది రాజదర్బారు. మన కొలువులో దర్బారుతో పాటు పల్లెకు కూడా చోటున్నది. ఆ చోటు ఖాళీ పడకుండా చూసుకోవడమే ఇప్పుడు మన పని.

నిలువు బొమ్మతో వచ్చే చిక్కు

బజారులో దొరికే మట్టి బొమ్మలు, కాగితపు గుజ్జు బొమ్మలు పోత పోసినవి. అచ్చులో ఏ భంగిమ ఉంటే బొమ్మకు జీవితాంతం అదే భంగిమ. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మల తీరు కొంత వేరు. అక్కడి కళాకారులు కాళ్లు చేతులు విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అందువల్లనే తాటిచెట్టు ఎక్కే మనిషి, బండి తోలే మనిషి వంటి బొమ్మలు అక్కడ పుట్టాయి. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరుగుడు యంత్రం మీద చిత్రిక పట్టి, లక్క రంగు వేస్తారు. నునుపులో వాటికి సాటి లేదు. అయినా భంగిమ నిర్ణయించేది చేసినవారే గాని కొన్నవారు కారు.

మన జమ్మలమడుగు నేతగాడిని చూపించాలనుకోండి. గుంత మగ్గంలో ఆయన నేల మట్టానికి కూర్చుంటాడు. కాళ్లు గుంతలో తొక్కుడు కర్రల మీద ఉంటాయి. ఒక చేయి పలకను లాగుతుంది. మరో చేయి నాడెను పరుగెత్తించే తాడును గుంజుతుంది. నడుము, తొడ, మోకాలు, మోచేయి నాలుగూ వంగితే తప్ప ఆ పని కళ్లకు కట్టదు. ప్రత్తి ఏరే ఆమెకు నడుము వంగాలి, ఒక చేయి కాయ మీద, మరొకటి ఒడి మీద ఉండాలి. పులివెందుల తోటలో అరటి గెల మోసే మనిషికి ఒక చేయి భుజం మీదికి లేవాలి.

ఇంతకన్నా ముఖ్యమైనది కపిల. ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చాక బావుల మీది కపిలలు పోయాయి. ఎద్దులు వాలులో కిందికి దిగేటప్పుడు తోలేవాడు తాడు మీద కూర్చుని బరువు మోపి వెనక్కు వాలడం నేటి పిల్లలు చూడలేదు. అది పుస్తకంలో చదివితే తెలిసేది కాదు. ఇంట్లో కపిల తోలిన తాతలు ఉంటే, బొమ్మను వారి చేతికిచ్చి ఎలా కూర్చునేవారో వంచి చూపమనాలి. ఆ వంపు తెలిసినవారు ఉండగానే ఆ పని చేయాలి. నిలువు బొమ్మతో ఇది జరగదు.

అడుగుకు అంగుళం

చిన్న లోకం నిర్మించేటప్పుడు మొదట తేల్చుకోవలసినది కొలత. మనిషి బొమ్మ జానెడు, ఎద్దు బెత్తెడు ఉంటే చూసేవారు నవ్వుతారు. సులువైన లెక్క అడుగుకు అంగుళం. అయిదున్నర అడుగుల మనిషి అయిదున్నర అంగుళాలు. ఆరడుగుల వాకిలి ఆరు అంగుళాలు. అడుగు ఎత్తు బిందె అంగుళం. ఇంగ్లండులో 1921-1924 మధ్య మేరీ రాణి కోసం తయారైన ప్రసిద్ధ బొమ్మరిల్లు ఈ లెక్కనే కట్టినది. నేటికీ అది విండ్సర్ కోటలో ఉన్నది.

ప్లాస్టిక్ బొమ్మలకు కీళ్లుంటాయి గదా, అవి పనికిరావా అని అడగవచ్చు. 1959లో అమెరికాలో బజారులోకి వచ్చిన బార్బీ బొమ్మ ఎత్తు 11న్నర అంగుళాలు. దానికి కూడా మోకాళ్లు వంగడం 1965లో గాని మొదలు కాలేదు. మన లెక్కకు అది రెట్టింపు ఎత్తు. పక్కన పెడితే మన ఎద్దు మేకపిల్లలా కనిపిస్తుంది.

కీలు విద్య మన పొరుగునే

కీలు కట్టడంలో ఆరితేరినవారు మనకు దూరంలో లేరు. పులివెందుల దాటి కదిరి మీదుగా ధర్మవరం వైపు వెళితే నిమ్మలకుంట వస్తుంది. అది ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. తోలుబొమ్మల తయారీకి ఆ ఊరు పెట్టింది పేరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. సినిమాలు, టీవీలు వచ్చి ఆటలు తగ్గిపోవడంతో, అక్కడి కుటుంబాలు తోలు మీదనే దీపాల తొడుగులు, గోడకు తగిలించే చిత్రాలు చేసి బతుకుతెరువు చూసుకుంటున్నాయి.

తోలుబొమ్మ కీలులో రహస్యం చాలా చిన్నది. చేయి, ముంజేయి, తొడ, పిక్క విడివిడిగా కోస్తారు. ఒకదాని అంచు మరొకదాని మీదికి వచ్చేలా పెట్టి, రెంటికీ ఒకే చోట రంధ్రం చేసి, దారం దూర్చి అటూ ఇటూ ముడి వేస్తారు. ముడి బిగిస్తే అవయవం కదలదు. మరీ వదులైతే జారిపోతుంది. ఈ పద్ధతిలోనే మందపాటి అట్టతో కొలువు వెనుక వరుసకు పల్చని బొమ్మలు చేసుకోవచ్చు. ముందు వరుసకు మాత్రం అన్ని వైపులా నిండుగా ఉండే బొమ్మ కావాలి. దానికి తీగ బొమ్మ మేలు.

చేసే విధానం

స్లాబుల కమ్మీలు కట్టే బైండింగ్ వైరు ఇనుప సామాను అంగళ్లలో దొరుకుతుంది. కాని తడి తగిలితే తుప్పు మరక వస్తుంది. రాగి తీగ శ్రేష్ఠం. బోరు మోటార్లు కాలిపోతే తిరిగి చుట్టే షాపులు మన పట్టణాల్లో ఉన్నవే. అక్కడ తీసేసిన పాత తీగలో మూరెడు అడిగి తెచ్చుకోవాలి. సబ్‌మెర్సిబుల్ మోటారు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కనుక గుడ్డ జారకుండా పట్టుకుంటుంది. కాలిన తొడుగు రాలిపోతుంది, అటువంటి ముక్కను వదిలేసి బాగున్నది ఏరుకోవాలి.

పద్నాలుగు అంగుళాల తీగను నడిమికి మడిచి, పైన అర అంగుళం ఉంగరం వదలాలి. అది తలకు. దాని కింద రెండంగుళాల మేర రెండు పోగులనూ మెలిపెడితే మొండెం. మిగిలిన రెండు కొసలు కాళ్లు. ఏడంగుళాల మరో తీగను మెడకు కొంచెం కిందుగా ఒక చుట్టు చుట్టి అటూ ఇటూ సమంగా వదిలితే చేతులు. మనిషి చేతులు బార చాపితే ఆ పొడవు ఎత్తుకు సుమారు సమానమన్న సంగతి గుర్తుంచుకుంటే కొలత తప్పదు. కొసలను లోపలికి మడవాలి, లేకుంటే పిల్లల చేతికి గుచ్చుకుంటాయి.

తలకు కాగితపు గుజ్జు, మెంతిపిండి చాలు. మన అవ్వలు చేటలకు, గంపలకు అలికింది దానితోనే. ముప్పావు అంగుళం తల చేసి నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. రేగడి మట్టి ఎండితే బీటలు వారుతుంది కనుక ఇంత చిన్న తలకు దానిని వాడకపోవడం మంచిది.

తరువాత పాత నూలు గుడ్డను సన్నని పేలికలుగా చించి తీగకు చుట్టాలి. అసలు కిటుకు ఇక్కడే ఉన్నది. తొడ, పిక్క, దండచేయి, ముంజేయి దగ్గర మందంగా చుట్టాలి. మోకాలు, మోచేయి, నడుము దగ్గర ఒక్క పొర మాత్రమే వేయాలి. పల్చన ఉన్నచోటే తీగ వంగుతుంది. అదే కీలు. అంతటా సమంగా చుడితే బొమ్మ వానపాములా ఎక్కడబడితే అక్కడ వంగుతుంది. ఒకేచోట పదేపదే వంచితే తీగ తెగుతుంది కనుక, భంగిమ నిశ్చయించుకున్నాకే వంచి వదిలేయాలి. నిలబడటానికి పాదాల తీగను పలకకు చేసిన రంధ్రంలో దూర్చాలి.

కట్టు బట్ట

బట్టకూ అదే లెక్క. ఆరు గజాల చీర అంటే పద్దెనిమిది అడుగులు. బొమ్మకు పద్దెనిమిది అంగుళాలు. పన్నా నాలుగు అంగుళాలు. నాలుగు గజాల పంచె పన్నెండు అంగుళాలు. గుడ్డ ఎంత పల్చనైతే అంత మంచిది. మందపు గుడ్డ కడితే బొమ్మకు కంబళి కప్పినట్టు ఉంటుంది. పెద్ద పూలు, పెద్ద గళ్లు పనికిరావు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నేతగాళ్ల ఇళ్లలో మిగిలే ముక్కలు ఇందుకు సరిపోతాయి. కుచ్చిళ్లను కొంచెం తడిపి దారంతో కట్టి ఆరనిస్తే నిలుస్తాయి.

కావలసినది పట్టుదల

కొన్న బొమ్మలు తీసేయమని ఎవరూ అనరు. తరతరాలుగా వచ్చిన బొమ్మలు పై మెట్ల మీద ఉండవలసినవే. కింది మెట్టు మీద ఏడాదికి ఒక్క దృశ్యం, మన ఊరి పనిని చూపించేది, ఇంట్లో చేసినది ఉంటే చాలు. బొమ్మల కొలువు పోటీలు జరిపే మహిళా సంఘాలు, దేవస్థానాలు, పాఠశాలలు ఇంటి తయారీ దృశ్యానికి వేరుగా ఒక బహుమతి పెడితే బాగుంటుంది. నిమ్మలకుంట కళాకారులను దసరాకు ముందు పిలిపించి పిల్లలకు రెండు రోజులు కీలు కట్టడం నేర్పిస్తే వారికీ నాలుగు డబ్బులు దొరుకుతాయి, విద్యా నిలుస్తుంది. చేతి పని తెలిసిన పెద్దలు ఇంట్లో ఉండగానే వారిని అడిగి బొమ్మ నడుము వంచుకోవడం మన వంతు.