ఆడపిల్లల కాలేజీలో బి.ఏ. – మన అమ్మాయికి సరిపోతుందా?

ప్రతి సంవత్సరం మన ట్రస్టుకు వచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులను పరిశీలించే వారిలో నేనూ ఒకణ్ణి. చదివింది బి.కాం., చేసింది బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం. కాబట్టి దరఖాస్తు చేతికి రాగానే నా కళ్లు ముందు ఫీజు అంకెల మీదికే పోతాయి. ఆ తర్వాత "ఈ కాలేజీని ఎందుకు ఎంచుకున్నారు?" అన్న గడి చూస్తాను. ఆడపిల్లల కాలేజీలో బి.ఏ. చేరదలచిన వారిలో ఎక్కువమంది అక్కడ రాసేది ఒకటే మాట: "లేడీస్ కాలేజీ, భయం లేదు." చాలాసార్లు ఆ దస్తూరీ తండ్రిది. ఆ జవాబు తప్పని నేననను. ఆడపిల్లను అనంతపురం నుంచో మదనపల్లె నుంచో బెంగళూరు పంపే ఇంట్లో ఆ బెంగ సహజం. అయితే కాలేజీ గేటు లోపల ఉండేది రోజుకు అయిదారు గంటలు. మిగతా వేళంతా బస్సులో, హాస్టల్లో, వీధిలో గడిచేదే. మూడేళ్ల చదువును ఈ ఒక్క కారణంతో తేల్చేయకూడదని నా అభిప్రాయం.

ముందుగా లిబరల్ ఆర్ట్స్ అనే మాట గురించి. ఆర్ట్స్ అనగానే బొమ్మలు గీయడం, పాటలు పాడటం అనుకునే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. సాహిత్యం, చరిత్ర, ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, గణితం, విజ్ఞానశాస్త్రాలు వంటివి కలిపి చదివి, ఆలోచించడం, రాయడం, వాదించడం నేర్చుకోవడమే ఆ చదువు. అమెరికాలో చాలా కాలేజీల్లో విద్యార్థి రెండేళ్లు రకరకాల సబ్జెక్టులు చదివి, ఆ తర్వాతే ప్రధాన విషయం తేల్చుకుంటుంది. 1875లో తరగతులు మొదలుపెట్టిన వెల్‌స్లీ అటువంటి మహిళా కాలేజీ. హిల్లరీ క్లింటన్ చదివింది అక్కడే. మన బెంగళూరులో దానికి దగ్గరగా ఉండేది మూడు సబ్జెక్టుల కాంబినేషన్ బి.ఏ. సైకాలజీ, జర్నలిజం, ఇంగ్లీషు అని ఒకటి, హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ అని ఇంకొకటి. తేడా ఏమిటంటే, ఇక్కడ ఆ మూడూ చేరే రోజునే తేల్చుకోవాలి. మధ్యలో మార్చుకోవడం సులభం కాదు. అందుకే కాలేజీ పేరు కన్నా కాంబినేషన్ ముఖ్యమని మాటిమాటికీ చెబుతుంటాను.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఇంటర్మీడియట్‌లో ఎం.ఇ.సి., లెక్కల్లో మంచి మార్కులు. ఎకనామిక్స్ ఎం.ఏ. దాకా వెళ్లాలని ఆశ. ఇంట్లోవాళ్లు హాస్టల్‌కు దగ్గరని ఒక మహిళా కాలేజీ చూశారు. అక్కడ ఎకనామిక్స్ ఉంది గానీ దానితో పాటు లెక్కలు గానీ స్టాటిస్టిక్స్ గానీ తీసుకునే వీలు లేదు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వంటి చోట్ల ఎం.ఏ. చదవాలంటే లెక్కలు, గణాంకశాస్త్రం బాగా రావాలి. మూడేళ్లు వాటిని పక్కన పెట్టిన అమ్మాయి అక్కడ ఎలా నెగ్గుతుంది? ఈ మాట ఆ తండ్రికి విడమరచి చెబితే, "మరి ముందే ఎవరూ చెప్పలేదే" అన్నారు. ఆఖరికి మెట్రోలో ముప్పావుగంట ప్రయాణమయ్యే వేరే కాలేజీలో, స్టాటిస్టిక్స్ ఉన్న కాంబినేషన్‌లో చేరింది. అది మగపిల్లలూ చదివే కాలేజీ.

అలాగే సైకాలజీ. ఈ మధ్య దరఖాస్తుల్లో బాగా కనిపిస్తున్నది ఇదే. మూడేళ్ల బి.ఏ. చదివితే అమ్మాయి సైకాలజిస్టు అయిపోదు. ఆ పైన ఎం.ఏ. గానీ ఎం.ఎస్‌సి. గానీ చేయాలి. క్లినికల్ వైపు వెళ్లాలంటే భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ కూడా పూర్తి చేయాలి. అంటే ఇంటి బడ్జెట్టు మూడేళ్లకు కాదు, ఆరేడేళ్లకు వేసుకోవాలి. బి.ఇడి. చేసి టీచరు కావాలనుకునే అమ్మాయి కూడా డిగ్రీలో బడిలో చెప్పే సబ్జెక్టు ఒకటైనా ఉండేలా చూసుకోవాలి. ఇక సివిల్ సర్వీసులకు, ఐ.బి.పి.ఎస్. బ్యాంకు పరీక్షలకు ఏ డిగ్రీ అయినా చాలు. బి.ఏ. చదివితే బ్యాంకు ఉద్యోగం రాదనే మాట నమ్మకండి.

ఇప్పుడు మహిళా కాలేజీ సంగతి. బెంగళూరులో ప్రభుత్వ రంగంలో మహారాణి కాలేజీలు ఉన్నాయి. ఇప్పుడవి మహారాణి క్లస్టర్ విశ్వవిద్యాలయంలో భాగం. ప్రైవేటులో కోరమంగళలో 1966లో వచ్చిన జ్యోతి నివాస్, జయనగర్‌లో 1973లో వచ్చిన ఎన్.ఎం.కె.ఆర్.వి. పేరున్నవి. ప్యాలెస్ రోడ్డులోని మౌంట్ కార్మెల్ 1948 నుంచి ఆడపిల్లల కాలేజీగానే పేరు తెచ్చుకుంది. ఈమధ్య అక్కడ అబ్బాయిలను కూడా చేర్చుకోవడం మొదలుపెట్టారు. కనుక పదేళ్ల క్రితం అక్కడ చదివిన బంధువుల మాట విని వెళ్లేవారు ఇప్పటి పరిస్థితి అడిగి తెలుసుకోవాలి. అమెరికాలో కూడా 1960ల్లో రెండు వందలకు పైగా ఉన్న మహిళా కాలేజీలు ఇప్పుడు బాగా తగ్గిపోయాయి. మరి ఉన్నవాటి వల్ల లాభమేమిటి? నాకు తోచింది ఇది. అక్కడ విద్యార్థి సంఘం అధ్యక్షురాలు అమ్మాయే, పత్రిక సంపాదకురాలు అమ్మాయే, వార్షికోత్సవంలో మైకు సెట్టు బిగించేదీ, స్పాన్సరు దగ్గర చందా అడిగేదీ అమ్మాయే. వెనక బెంచీలో కూర్చునే పిల్లకు కూడా ఎప్పుడో ఒకప్పుడు వంతు వస్తుంది. 2009లో మన దేశ విదేశాంగ కార్యదర్శి అయిన నిరుపమా రావు మౌంట్ కార్మెల్‌లో ఇంగ్లీషు బి.ఏ. చదివినవారే. బయోకాన్ స్థాపించిన కిరణ్ మజుందార్ షా మాత్రం అక్కడ ప్రీ యూనివర్సిటీ చదివి, జంతుశాస్త్రం డిగ్రీ 1973లో బెంగళూరు విశ్వవిద్యాలయం నుంచి తీసుకున్నారు. రెండు దారులూ ఉన్నాయన్నమాట. నలుగురిలో నోరు విప్పడానికి జంకే అమ్మాయికి మహిళా కాలేజీ నిజంగా మేలు చేయవచ్చు. తనను కట్టడి చేయడానికే అక్కడ వేశారని భావించే అమ్మాయికి అదే కాలేజీ మూడేళ్ల శిక్షలా ఉంటుంది. ఏది నిజమో ఆ అమ్మాయినే అడగాలి, పక్కన పెద్దలు లేనప్పుడు అడిగితే ఇంకా మంచిది.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ఆఫీసు వారితో పాటు మూడో సంవత్సరం అమ్మాయిలతో కూడా మాట్లాడండి. ఏ సబ్జెక్టుకు లెక్చరరు లేరో, లైబ్రరీ ఎన్ని గంటలకు మూస్తారో, హాస్టల్ గేటు ఎప్పుడు వేస్తారో వాళ్లే చెబుతారు. ఇంటర్న్‌షిప్‌కు వెళ్లి సాయంత్రం ఏడు దాటి వస్తే రానిస్తారా అన్నది జర్నలిజం పిల్లలకు పెద్ద ప్రశ్న. మరో సంగతి: కర్ణాటకలో 2021లో నాలుగేళ్ల డిగ్రీ పద్ధతి వచ్చింది. 2024-25 నుంచి ప్రభుత్వం మళ్లీ మూడేళ్ల పద్ధతికి మళ్లింది. విదేశాల్లో పై చదువు ఆలోచన ఉన్నవారు నాలుగో సంవత్సరం సంగతి ముందే అడగాలి, ఎందుకంటే అక్కడ కొన్ని విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ల డిగ్రీ కోరతాయి. ఆంధ్ర, తెలంగాణ బోర్డుల నుంచి వచ్చేవారు మైగ్రేషన్ సర్టిఫికెట్ మరచిపోవద్దు. రెండో భాషగా తెలుగు ఉందో లేదో కూడా కనుక్కోండి.

డబ్బు సంగతి నా సొంత రంగం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒకే కాలేజీలో కూడా ఎయిడెడ్ కోర్సుకు, అన్‌ఎయిడెడ్ కోర్సుకు ఫీజు తేడా ఉండవచ్చు. ఏడాదికి లక్ష చొప్పున మూడు లక్షలు అప్పు తీసుకున్నారనుకోండి. 10 శాతం వడ్డీ అనుకుందాం. విద్యారుణాల్లో చదువుకునే కాలం, ఆపైన ఒక సంవత్సరం వాయిదాలు కట్టనక్కరలేదు. ఆ కాలానికి బారువడ్డీ లెక్కిస్తారు. మొదటి లక్షకు నాలుగేళ్లు, రెండో దానికి మూడేళ్లు, మూడో దానికి రెండేళ్లు, మొత్తం వడ్డీ 90,000. బాకీ 3,90,000. దాన్ని అయిదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 8,300 రూపాయలు, ఏడేళ్లలో అయితే సుమారు 6,500. బి.ఏ. తర్వాత వచ్చే తొలి జీతంలో ఇది ఎంత భాగమో వేసి చూడండి. తొలి ఏడాది నెలకు 830 చొప్పున, రెండో ఏడాది 1,670 చొప్పున, ఆ తర్వాత 2,500 చొప్పున వడ్డీ ఎప్పటికప్పుడు కట్టగలిగితే, అయిదేళ్ల వాయిదా సుమారు 6,400కు దిగుతుంది. ఏడున్నర లక్షల లోపు విద్యారుణాలకు కేంద్ర ప్రభుత్వ హామీ పథకం వర్తిస్తే తాకట్టు గానీ జామీను గానీ అవసరం లేదు. ఆడపిల్లలకు చాలా బ్యాంకులు అర శాతం వడ్డీ తగ్గిస్తాయి. మేనేజరు చెప్పకపోతే మీరే అడగండి. ఇల్లు కర్ణాటకలోనే ఉన్నవారికి 2023లో వచ్చిన శక్తి పథకం కింద మామూలు బి.ఎం.టి.సి. బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్టు లేదు. రోజూ వచ్చిపోయే వారికి ఇది చిన్న మొత్తం కాదు.

దరఖాస్తుతో పాటు ఫీజు వివరాల కాగితం, ఎంచుకున్న కాంబినేషన్ పేరు, అది దొరకకపోతే రెండో కాంబినేషన్ పేరు జతచేయండి. కాలేజీ ఎందుకు ఎంచుకున్నారన్న గడి మాత్రం ఈసారి అమ్మాయే తన దస్తూరీతో నింపాలి. తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా మాకు అభ్యంతరం లేదు.