రాళ్ళు పోయాయి, గీతలు మిగిలాయి

అమరావతి మహాస్తూపం గురించి రెండు శతాబ్దాల నాటి కాగితాలే చెప్పాలి

రాయ్‌పూర్‌కు సుమారు 80 కి.మీ. దూరంలో, మహానది ఒడ్డున ఉన్న సిర్పూర్ లక్ష్మణాలయం బొమ్మ వేయాలని కూర్చునేవారికి మొదటి చిక్కు ఇటుకలతోనే. 7వ శతాబ్దపు ఆ గోడల్లో ఒక్కో ఇటుకనూ కలంతో గీస్తే బొమ్మ చేపల వలలా తయారవుతుంది. అసలే గీయకపోతే అది లక్ష్మణాలయంలా ఉండదు. అంచులు, చెక్కడపు పని కలానికి అప్పగించి, మిగతాది నీటిరంగు పూతకు వదిలేయడమే మార్గం. గీత తప్పినా ఫర్వాలేదు. గుడి అక్కడే ఉంది, వెళ్ళి సరిచూసుకోవచ్చు.

కృష్ణ ఒడ్డున అమరావతిలో ఆ సౌకర్యం లేదు. అక్కడి మహాస్తూపాన్ని గీసిన కాగితాలున్నాయి, స్తూపమే లేదు.

చింతపల్లి నుంచి మకాం మార్చిన జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 18వ శతాబ్ది చివర్లో అక్కడ కొత్త పట్నం కట్టిస్తుండగా, స్థానికులు దీపాలదిన్నె అనే మట్టిగుట్టలోంచి చెక్కిన పలకలు బయటపడ్డాయి. కైఫీయత్తుల సేకరణతో తెలుగువారికి సుపరిచితుడైన కోలిన్ మెకంజీ అప్పుడే ఒకసారి వచ్చి చూశారు. భారత సర్వేయర్ జనరల్ అయ్యాక 1816లో మళ్ళీ వచ్చేసరికి దిన్నె నడిమధ్య చెరువు తవ్వేశారు. పలకలు కొన్ని గోడల్లోకి, కొన్ని సున్నపు బట్టీల్లోకి పోయాయి.

మెకంజీ చేయగలిగింది గీయించడమే. జాన్ న్యూమన్, హెన్రీ హామిల్టన్ వంటి చిత్తురచయితలు దిన్నె నక్షాను, శిల్పాలను కలం, సిరా, నీటిరంగులతో కాగితంమీద పెట్టారు. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ ఆల్బంలో 85 బొమ్మలున్నాయి. అంతకుముందే దేశం తిరిగిన డేనియల్ ద్వయం చిత్రాల్లో కనిపించే మబ్బులు, మర్రిచెట్లు వీటిలో వెతకకూడదు. ఇవి సర్వే చేసేవారి గీతలు. పలక విరిగిన చోట బొమ్మా విరిగే ఉంటుంది. నున్నని సున్నపురాయిమీద శిల్పం ఎంత ఎత్తు లేచిందో పలచని నీడే చెబుతుంది.

విచిత్రమేమిటంటే, ఏం గీస్తున్నారో వారికి సరిగా తెలియదు. ఆ కట్టడం జైనులదై ఉంటుందని మెకంజీ భావించారు. పలకలమీది బ్రాహ్మీ అక్షరాలు అప్పటికెవరికీ అర్థం కావు, జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని ఛేదించింది 1837లో. కాబట్టి శాసనాలను కూడా బొమ్మల్లాగే గీసుకుపోయారు. బహుశా అదే మేలు చేసింది. అర్థం తెలిసినవాడి చేయి లేని ముక్కను పూరించాలని చూస్తుంది. వీరు కనబడినంతవరకే గీశారు.

తర్వాత వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించారు. ఆయన తీయించిన శిల్పాల్లో చాలా భాగం 1859లో మద్రాసు నుంచి ఓడెక్కి, చివరకు బ్రిటిష్ మ్యూజియం చేరాయి. 1881-82లో, అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ సిర్పూర్ గుళ్ళను పరిశీలించిన రోజుల్లోనే, జేమ్స్ బర్జెస్ అమరావతికి వచ్చారు. అప్పటికి దిన్నెను పూర్తిగా తవ్వేశారు. మెకంజీ బృందం గీసిన పలకల్లో చాలావాటి జాడ తెలియదు.

కొన్ని పలకలమీద శిల్పులు స్తూపాన్నే చెక్కారు: కంచె, ద్వారం దగ్గర సింహాలు, ఆయక స్తంభాలు, పైన అండం. నేడు అమరావతిలో సందర్శకుడికి కనిపించేది తక్కువ ఎత్తు గుండ్రటి కట్టు మాత్రమే. దాని చుట్టూ కంచె ఎక్కడ తిరిగిందో, ద్వారాలు ఏ దిక్కున తెరుచుకున్నాయో చూడాలంటే మెకంజీ నాటి నక్షాను విప్పాలి.