నెల బిల్లు లేని డిష్ – మన డాబా మీద మనమే పెట్టుకుందాం

పాలు, గ్యాసు, కరెంటు, పిల్లల ఫీజులు... ఒకటో తారీఖు వచ్చేసరికి ఇల్లాలి పద్దు చాంతాడంత అవుతుంది. అందులో టీవీకి కట్టేది చిన్న మొత్తంలాగే కనిపిస్తుంది గానీ, పన్నెండు నెలలదీ కూడి చూడండి, ఓ మంచి చీర ఖరీదు తేలుతుంది. ఆ పద్దు అసలు లేకుండా చేసుకునే దారి ఒకటుంది. అదే దూరదర్శన్ వాళ్ళ 'డీడీ ఫ్రీ డిష్'. ఒక్కసారి సుమారు రెండు వేల రూపాయలు పెట్టి డిష్, బాక్సు కొనుక్కుంటే చాలు. ఆ తర్వాత నెలనెలా ఎవరికీ పైసా కట్టక్కర్లేదు.

మా నూజివీడు ప్రాంతంలో దీని అవసరం మరీ ఎక్కువ. ఊళ్ళో అయితే కేబుల్ వైరు వీధివీధికీ ఉంటుంది. తోటల్లోకి ఎవరు లాగుతారు? ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు మామిడి తోటల్లోనే ఇళ్ళు కట్టుకున్నవాళ్ళున్నారు. కాపు దిగే రోజుల్లో పిల్లాపాపలతో తోటలోనే మకాం పెట్టే కాపలావాళ్ళున్నారు. ఈదురుగాలి వస్తుందో రాదో ముందుగా తెలిస్తే నాలుగు కాయలు దక్కించుకునే రైతులున్నారు. వీళ్ళందరికీ వైరుతో పనిలేని టీవీ కావాలి.

అయితే చాలామంది ఆడవాళ్ళు డిష్ మాటెత్తగానే "అమ్మో, అది మన పని కాదు, కుర్రాడిని పిలవాలి" అంటారు. నేను చెప్పేదల్లా ఒకటే. కుర్రాడిని పిలవండి, తప్పులేదు. కానీ డిష్ ఎటు చూడాలి, ఎందుకు చూడాలి అనేది మనకి తెలిసుండాలి. అది తెలిస్తే సగం పని మనమే చేసుకోగలం, మిగతా సగం దగ్గరుండి చేయించుకోగలం.

కోళ్ళగూటి వలతో మొదలు

ఆకాశం నుంచి టీవీ పట్టడం మన తెలుగు పల్లెలకి కొత్తేం కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు అమెరికావాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన దేశం ఏడాదిపాటు వాడుకుంది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి టీవీ చూపించారు. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటి డిష్ పదడుగుల వెడల్పు. దేనితో చేశారో తెలుసా? కోళ్ళగూటికి కట్టే ఇనప వలతో! హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలయ్యింది ఆ తర్వాతే, 1977 అక్టోబరు 23న.

ఇప్పటి ఫ్రీ డిష్ 2004 డిసెంబరులో 'డీడీ డైరెక్ట్ ప్లస్' అన్న పేరుతో వచ్చింది. ఆనాటి పదడుగుల డిష్ ఇవాళ రెండడుగులకి తగ్గింది. నాలుగు కోట్ల పైచిలుకు ఇళ్ళలో ఇది ఉందని అంచనా.

ఏమొస్తాయి? ఏం రావు?

ముందే చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టుకోకండి. మనం సాయంత్రాలు చూసే సీరియళ్ళు వచ్చే పెద్ద తెలుగు చానళ్ళు చాలావరకు డబ్బు కట్టి చూసేవే. అవన్నీ ఇందులో వస్తాయనుకుని కేబుల్ తీసేయించకండి. దూరదర్శన్ వారి సప్తగిరి, యాదగిరి, హిందీ, ఇంగ్లీషు వార్తలు, హిందీ సినిమాలు, పాటలు, ఆకాశవాణి రేడియో – ఇవీ ఇందులో ప్రధానం. ప్రైవేటు చానళ్ళకి చోటు వేలం పాటలో ఇస్తారు కాబట్టి అవి మారుతుంటాయి.

పిల్లలున్న ఇళ్ళకి ఇంకో లాభం ఉంది. 2020లో కరోనాతో బళ్ళు మూసేసినప్పుడు 'పీఎం ఈ-విద్య' పేరుతో ఒకటి నుంచి పన్నెండు వరకు తరగతికొకటి చొప్పున పాఠాల చానళ్ళు పెట్టారు. 2022 బడ్జెట్‌లో వాటిని 200 దాకా పెంచుతామన్నారు, రాష్ట్రాలు తమ భాషల్లో చెప్పుకునేందుకు. ఇంటర్నెట్ సరిగా అందని తోటలోని పిల్లలకి ఇది చిన్న సంగతి కాదు.

ఉపగ్రహం మన వంటింటి మూలనే!

ఫ్రీ డిష్ చానళ్ళు వచ్చేది జీశాట్-15 అనే ఉపగ్రహం నుంచి. 2015 నవంబరులో పంపించారు దాన్ని. అండమాన్ దీవులకి నేరుగా దక్షిణాన, భూమధ్యరేఖకి పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. భూమి ఎంత వేగంగా తిరుగుతుందో అదీ అంతే వేగంగా తిరుగుతుంది గనక మన కంటికి ఎప్పుడూ ఒకేచోట ఉన్నట్టు లెక్క. అందుకే డిష్‌ని ఒకసారి బిగిస్తే మళ్ళీ తిప్పే పనుండదు.

నూజివీడు నుంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున ఉంటుంది, కాస్త దక్షిణానికి ఒరిగి. ఆగ్నేయం అంటే మనకి వేరే చెప్పాలా? వాస్తు చూసి కట్టిన ఇంట్లో వంటిల్లు ఉండే మూల. సెల్‌ఫోన్‌లో దిక్సూచి పెట్టి చూస్తే 142 డిగ్రీల దగ్గర. ఇనప రెయిలింగుకి, డిష్ స్టాండుకి నాలుగడుగులు దూరం జరిగి చూడండి, ఇనుము పక్కనుంటే దిక్సూచి తప్పు చూపిస్తుంది. ఇక ఎత్తు సుమారు 65 డిగ్రీలు. అంటే నేల నుంచి నడినెత్తి దాకా ఉన్న దూరంలో మూడింట రెండొంతుల కన్నా కాస్త పైన. వేరే ఊరివాళ్ళకి ఈ అంకెలు కొంచెం మారతాయి.

ఈ డిష్ చూడ్డానికి అంత పైకి చూస్తున్నట్టు ఉండదు, ఎదరికి చూస్తున్నట్టే ఉంటుంది. దాని తయారీయే అంత. కింద నుంచి చాచిన చేతి మీద ఎల్‌ఎన్‌బి అనే చిన్న డబ్బా ఉంటుంది చూశారా, పై నుంచి పడిన సిగ్నల్ డిష్‌కి తగిలి, వాలుగా వచ్చి అందులో పడుతుంది.

వడియాల ఎండ చెప్పే లెక్క

డిష్‌కి చోటు చూడ్డానికి మనకి తెలిసిన ఉపాయం ఒకటుంది. మార్చి రెండోవారంలో ఉదయం పదకొండుంపావు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఆ ఉపగ్రహం ఉన్నవైపే ఉంటాడు. అవి మనం డాబా మీద వడియాలు పెట్టే రోజులే కదా! ఆ వేళప్పుడు ఎండ ఎక్కడ పడుతుందో అక్కడ డిష్ పనిచేస్తుంది. చెట్టు నీడో, ట్యాంకు నీడో ఎక్కడ పడుతుందో అక్కడ పనిచెయ్యదు. అంతే! సెప్టెంబరు ఆఖర్లో కూడా ఇలాగే, పదకొండు గంటలకి చూసుకోవచ్చు. అన్నట్లు, ఆ నాలుగైదు రోజులూ సరిగ్గా ఆ వేళకి కొద్ది నిమిషాలు బొమ్మ చెదిరితే కంగారుపడకండి. ఉపగ్రహం వెనకాల సూర్యుడు నిలబడి, ఆయన వేడిమి కూడా డిష్‌లో పడుతుంది కాబట్టి అలా అవుతుంది.

మరి మిగతా నెలల్లో పెట్టుకునేవాళ్ళో? వాళ్ళకి ఇంకో లెక్క. డిష్ చూసే దిక్కున ఉన్న కొమ్మ, డిష్ కన్నా ఎన్ని అడుగులు ఎత్తుందో చూసుకోండి. అందులో సగం దూరం ఎడం ఉంటే చాలు. ఇరవై అడుగులు ఎత్తున్న కొమ్మకి పది అడుగుల ఎడం. సిగ్నల్ నిట్టనిలువుకి దగ్గరగా దిగుతుంది కాబట్టి దూరంగా ఉన్న చెట్లు ఎంత పెద్దవైనా అడ్డం కావు.

ఈ లెక్క తెలియడం ఎంత లాభమో మా తోడికోడలి ఇంట్లో చూశాం. వాళ్ళది తోటలో ఇల్లు. డిష్ బిగించడానికి వచ్చిన కుర్రాడు చూసి, "చిన్నరసం చెట్టు అడ్డమొచ్చిందమ్మా, ఆ రెండు కొమ్మలూ కొట్టేయిస్తే గానీ బొమ్మ రాదు" అన్నాడు. పిందె పట్టిన కొమ్మలు! మా అత్తయ్యగారు "కాసే కొమ్మని టీవీ కోసం నరుకుతారటే, నేనొప్పుకోను" అని కూర్చున్నారు. నేను తాడు పట్టుకుని డాబా కొలిచాను. వాయవ్యం మూలకి జరిపితే కొమ్మ చివరికీ డిష్‌కీ మధ్య పద్దెనిమిది అడుగులు తేలింది, కావాల్సింది పదే. స్టాండు అక్కడ బిగించమన్నాం. వైరు ఇంకో ఆరు మీటర్లు పట్టింది, అంతే ఖర్చు. బొమ్మ వచ్చింది. ఆ కొమ్మలు ఆ ఏడు బుట్టెడు కాయలిచ్చాయి.

బిగించేటప్పుడు

బాక్సు కొనేటప్పుడు 'ఎంపెగ్-4' రకం అడిగి తీసుకోండి, కొన్ని చానళ్ళు పాత రకం బాక్సులో రావు. స్టాండు గొట్టం నిట్టనిలువుగా ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. దారానికి చిన్న రాయి కట్టి గొట్టం పక్కన వేలాడదీసి, రెండువైపుల నుంచీ చూడండి. గొట్టం వాలితే మిగతా కొలతలన్నీ తప్పుతాయి.

వైరు తగిలించేటప్పుడు బాక్సు ప్లగ్గు తీసెయ్యండి. వైరు లోపలి రాగి తీగ, పైన ఉండే జల్లెడ తీగలు ఒకదానికొకటి తగలకూడదు. ఆ తర్వాత డిష్ వెనకాల గీతలు చూసుకుంటూ ఎత్తు 65కి పెట్టి, ఆగ్నేయానికి తిప్పండి. బాక్సులో జీశాట్-15, 93.5 డిగ్రీలు అని ఎంచుకుంటే టీవీలో రెండు గీతలు కనిపిస్తాయి. 'స్ట్రెంత్' గీత చూసి మోసపోకండి, డిష్ ఎటున్నా అది కాస్తో కూస్తో కనిపిస్తుంది. 'క్వాలిటీ' గీత పెరగాలి. ఒకరు కింద టీవీ ముందు ఉండి ఫోన్‌లో చెబుతుంటే ఇంకొకరు పైన డిష్‌ని తిప్పాలి, అదీ పాలు పొంగుతాయేమో అన్నంత జాగ్రత్తగా. డిష్ అంచు అర సెంటీమీటరు కదిలితే, అక్కడ ఉపగ్రహం దగ్గరికి వెళ్ళేసరికి ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు తేడా వస్తుంది మరి! కొద్దిగా కదిపి, మూడు నాలుగు సెకన్లు ఆగి, మళ్ళీ కదపండి. చివరగా ఎల్‌ఎన్‌బిని కూడా అటూ ఇటూ కొంచెం తిప్పి, గీత ఎక్కడ ఎక్కువుంటే అక్కడ బిగించండి.

వైరుని ఎల్‌ఎన్‌బి దగ్గర కిందికి ఓ చుట్టు వేలాడనివ్వండి. వాననీళ్ళు ఆ చుట్టు మీంచి కారిపోతాయి గానీ లోపలికి దిగవు. జాయింటుకి ఇన్సులేషన్ టేపు చుట్టండి.

వానొస్తే బొమ్మ పోతుందా?

పెద్ద వాన కురిసేటప్పుడు పోతుంది. డిష్ చెడిపోయిందనుకుని ఎవరికీ ఫోన్ చెయ్యకండి. ఈ తరంగాలు మరీ చిన్నవి, బొటనవేలి వెడల్పంత ఉంటాయి. వాన చినుకులు వాటిని మింగేస్తాయి. వాన తగ్గగానే బొమ్మ తనే వస్తుంది. ఉరుములు మెరుపులు ఉంటే మాత్రం డిష్ వైరు, కరెంటు ప్లగ్గు రెండూ తీసెయ్యండి. ఆ సమయంలో డాబా ఎక్కొద్దు. పిట్టగోడ లేని డాబా మీద, కరెంటు తీగలు దగ్గరగా ఉన్నచోట ఈ పని మీరు చెయ్యకండి, తెలిసినవాళ్ళ చేతే చేయించండి.

"ఫ్రీ డిష్‌కి రీచార్జి చేయించాలి, లేకపోతే ఆగిపోతుంది" అని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి. దీనికి రీచార్జి అన్నదే లేదు.

చివరగా ఓ చిట్కా. బొమ్మ బాగా వచ్చి నట్లన్నీ బిగించాక, డిష్ వెనకాల గొట్టం మీదా క్లాంపు మీదా కలిసేలా గోళ్ళరంగుతో ఓ గీత గీసుకోండి, ఎత్తు చూసుకునే చోట ఇంకోటి. మామిడికాయలు రాల్చే వేసవి గాలికి డిష్ కూడా కదులుతుంది. అప్పుడు నట్టు వదులు చేసి, గీతకి గీత కలిపి బిగించుకుంటే సరి. రంగు ఎర్రదైతే మంచిది, దూరం నుంచి కూడా కనిపిస్తుంది.