పదిహేనేళ్లకే విశ్వవిద్యాలయం.. బాసరలో ఆరేళ్ల కాపురం

చదువుతో పాటు తిండి, నిద్ర, స్నేహం అన్నీ ప్రాంగణంలోనే
చేరేముందు తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి

బాసర: పదో తరగతి ఫలితాలు వెలువడగానే ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లోని ప్రభుత్వ పాఠశాలల్లో బాసర ట్రిపుల్ ఐటీ పేరు మారుమోగుతుంది. మంచి మార్కులు వచ్చిన పిల్లలను ఉపాధ్యాయులు దగ్గరుండి దరఖాస్తు చేయిస్తారు. సీటు వస్తే ఆరేళ్ల వరకు ఇంజినీరింగ్ చదువుకు ఢోకా లేదన్నది గ్రామాల్లో స్థిరపడిన అభిప్రాయం. ఇది చాలావరకు నిజమే. అయితే అక్కడ చేరే విద్యార్థి వయసు పదిహేనేళ్లని, ఇంటిని వదిలి ఓ మూసిన ప్రాంగణంలో ఎదగాల్సి ఉంటుందని ఆలోచించేవారు తక్కువ. బాసర విద్యార్థి జీవనంలోని మంచి, చెడు రెండూ ఈ ఒక్క అంశం చుట్టూనే తిరుగుతున్నాయి.

గ్రామీణ విద్యార్థి కోసమే..

రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో ప్రత్యేక చట్టం ద్వారా ఏర్పడింది. నాటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి హయాంలో తెలంగాణకు బాసర, కోస్తాకు నూజివీడు, రాయలసీమకు ఇడుపులపాయ కేంద్రాలుగా మూడు ప్రాంగణాలను ఎంపిక చేశారు. మొదటి ఏడాది ఒక్కో ప్రాంగణానికి 2 వేల సీట్లు కేటాయించారు. కంప్యూటర్ శాస్త్రంలో 1994 ట్యూరింగ్ పురస్కారం అందుకున్న ఆచార్య రాజ్ రెడ్డి ఈ విశ్వవిద్యాలయానికి కులపతిగా వ్యవహరించారు. 2014లో రాష్ట్ర విభజన జరిగాక బాసర ప్రాంగణం తెలంగాణ పరిధిలోకి వచ్చింది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడటంతో బాసర ఆదిలాబాద్ నుంచి నిర్మల్ జిల్లాలోకి మారింది.

ఈ సంస్థకు ప్రవేశ పరీక్ష లేదు. పదో తరగతి ప్రతిభే ప్రాతిపదిక. నగరాల్లోని కోచింగ్ కేంద్రాలతో పోటీ పడలేని పల్లె విద్యార్థికి తలుపు తెరవాలన్నదే దీని ఉద్దేశం. పదో తరగతిలో గ్రేడ్ల విధానం అమల్లో ఉన్న కాలంలో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు 0.4 పాయింట్లు అదనంగా కలిపేవారు. కార్పొరేట్ పాఠశాలలో చదివినవారికి, జిల్లా పరిషత్ పాఠశాలలో చదివినవారికి మధ్య ఉన్న అంతరాన్ని కొంతైనా పూడ్చడానికే ఈ ఏర్పాటు. దీని ఫలితంగానే వ్యవసాయ కూలీలు, బీడీ కార్మికులు, సన్నకారు రైతుల పిల్లలు పెద్ద సంఖ్యలో ఇక్కడికి చేరగలిగారు.

రెండేళ్లు పీయూసీ.. నాలుగేళ్లు బీటెక్

కోర్సు కాలం మొత్తం ఆరేళ్లు. తొలి రెండేళ్లను పీయూసీ అంటారు. ఇది ఇంటర్మీడియట్‌తో సమానం. తర్వాతి నాలుగేళ్లు బీటెక్. పీయూసీలో సాధించిన ప్రతిభ ఆధారంగా కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్, మెకానికల్, సివిల్, కెమికల్, మెటలర్జీ వంటి బ్రాంచీలను కేటాయిస్తారు. మళ్లీ ఎప్‌సెట్ వంటి పరీక్ష రాయాల్సిన పనిలేదు. ఇష్టం లేనివారు పీయూసీ పూర్తి చేసి మరో కళాశాలకు వెళ్లవచ్చు.

అయితే ప్రవేశ పరీక్ష లేదన్న ధీమాతో వచ్చిన విద్యార్థికి తొలి సెమిస్టర్‌లోనే కష్టాలు ఎదురవుతాయి. తన పాఠశాలలో మొదటి స్థానంలో నిలిచినవారు ఇక్కడ తనలాంటి వందలాది మంది మధ్య ఒకరుగా మిగిలిపోతారు. తెలుగు మాధ్యమంలో చదివినవారు గణితం, భౌతిక శాస్త్రాలను ఒక్కసారిగా ఆంగ్లంలో వినాలి. తెలిసిన లెక్కే అయినా ప్రశ్న అర్థం కాక తడబడతారు. పీయూసీ మార్కులే బ్రాంచిని నిర్ణయిస్తాయి కనుక ఈ తడబాటుకు మూల్యం ఎక్కువ. మొదటి ఏడాది వెనుకబడినవారు కోరుకున్న బ్రాంచికి దూరమయ్యే ప్రమాదం ఉంది.

ఊరికి దూరంగా మరో ఊరు

బాసర అంటే జ్ఞాన సరస్వతి ఆలయం, గోదావరి తీరం, పిల్లల అక్షరాభ్యాసాలు గుర్తుకు వస్తాయి. విద్యార్థులకు మాత్రం ఆ బాసర సెలవు రోజుల్లో చూసే ఊరే. వారి అసలు ఊరు సుమారు 270 ఎకరాల ప్రాంగణం. తరగతి గదులు, బాలబాలికలకు వేర్వేరు వసతి గృహాలు, భోజనశాలలు, గ్రంథాలయం, ఆసుపత్రి అన్నీ ప్రహరీ లోపలే. బయటకు వెళ్లాలంటే ఔట్‌పాస్ తప్పనిసరి.

ఇంటికి వెళ్లి రావడమూ సులువు కాదు. ఆదిలాబాద్ నుంచి రైల్లో వచ్చేవారు మహారాష్ట్రలోని కిన్వట్, ముద్‌ఖేడ్ మీదుగా చుట్టి రావాలి. కరీంనగర్ వైపు వారికి నిజామాబాద్ మీదుగా ప్రయాణం. అందువల్ల పండుగలకు, సెమిస్టర్ సెలవులకు తప్ప ఇంటి ముఖం చూడని పిల్లలు ఎక్కువే. తొలి నెలల్లో ఇంటి రంది పట్టుకుంటుంది. అదే గదిలో ఉండే తోటివారు మెల్లమెల్లగా అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు అవుతారు. ఆరేళ్ల పాటు ఒకేచోట పెరగడంతో ఏర్పడే ఈ అనుబంధం మూడేళ్ల డిగ్రీలోనో, నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లోనో దొరకదు. ‘అంతఃప్రజ్ఞ’ పేరిట విద్యార్థులు నిర్వహించే సాంకేతిక ఉత్సవం ఈ కలివిడితనానికి నిదర్శనం.

కరీంనగర్‌లో కథ వేరు. అదే 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయంతో పాటు పట్టణంలోని కళాశాలల్లో చదివే పల్లె విద్యార్థుల్లో చాలామంది సంక్షేమ వసతి గృహాల్లోనో, ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకున్న అద్దె గదుల్లోనో ఉంటారు. స్వయంగా వండుకుంటారు, ఖాళీ సమయంలో చిన్నపాటి ఉద్యోగం చూసుకుంటారు. ఖర్చుల భారం ఉన్నా ఊరితో సంబంధం ఉంటుంది. తిండి బాగోలేకపోతే మరో మెస్ వెతుక్కునే వీలుంటుంది. స్కాట్లాండ్ ఉత్తర భాగంలోని అబర్డీన్ నగరాన్ని తీసుకుంటే, 1495లో పుట్టిన అక్కడి విశ్వవిద్యాలయ భవనాలు పాత పట్టణ వీధులతో కలిసిపోయి కనిపిస్తాయి. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో చేరే విద్యార్థులు తొలి ఏడాది వసతి గృహాల్లో గడిపి, తర్వాత ఊళ్లో అద్దె ఇళ్లకు మారడం పరిపాటి. బాసర విద్యార్థికి ఆ వయసూ లేదు, ఆ వెసులుబాటూ లేదు. ప్రాంగణం ఏది పెడితే అదే తిండి, ఏది ఇస్తే అదే గది.

వానలోనూ కదలని విద్యార్థులు

2022 జూన్‌లో జరిగిన ఆందోళనను ఈ కోణంలోనే చూడాలి. 12 డిమాండ్లతో వేలాది విద్యార్థులు వారం రోజుల పాటు ప్రధాన ద్వారం వద్ద ఎండకూ వానకూ ఓర్చి శాంతియుతంగా బైఠాయించారు. పూర్తికాలపు ఉపకులపతిని నియమించాలని, ఆయన ప్రాంగణంలోనే ఉండాలని, అధ్యాపకుల ఖాళీలు భర్తీ చేయాలని, ల్యాప్‌టాప్‌లు, ఏకరూప దుస్తులు ఇవ్వాలని, భోజన, వసతి సౌకర్యాలు మెరుగుపరచాలని కోరారు. నాటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి జూన్ 20 రాత్రి ప్రాంగణానికి వచ్చి చర్చలు జరిపిన తర్వాత ఆందోళన విరమించారు. నెల తిరగకముందే, జులై 15న మధ్యాహ్న భోజనం తిన్న వంద మందికి పైగా విద్యార్థులు అస్వస్థతకు గురవడంతో సమస్య తీవ్రత మరోసారి బయటపడింది.

బయటివారికి ఇవి చిన్న కోరికలుగా అనిపించవచ్చు. లెక్క వేసి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. ఏటా 1500 మంది చొప్పున ఆరు తరగతులు కలిస్తే 9 వేల మంది. మూడు పూటలా కలిపి రోజుకు 27 వేల భోజనాలు. ఒక చిన్న పట్టణానికి సరిపడా వంట, నీరు, పారిశుద్ధ్యం ఒక్క కార్యాలయం చేతిలో ఉంటాయి. గుత్తేదారు నిర్లక్ష్యం చేసినా, పర్యవేక్షించే అధికారి అందుబాటులో లేకపోయినా దాని ప్రభావం వెంటనే పిల్లల ఆరోగ్యంపై పడుతుంది. ఉపకులపతి ప్రాంగణంలోనే ఉండాలని విద్యార్థులు పట్టుబట్టడానికి కారణం ఇదే.

అధ్యాపకుల సమస్యకు మూలాలు మొదటి ప్రణాళికలోనే ఉన్నాయి. ల్యాప్‌టాప్ ద్వారా డిజిటల్ పాఠాలు అందించి, మార్గదర్శకుల సాయంతో విద్యార్థి స్వయంగా నేర్చుకోవాలన్నది తొలినాటి ఆలోచన. ల్యాప్‌టాప్‌ల పంపిణీ నిలిచిన ఏళ్లలో ఆ విధానం కుంటుపడింది. పాఠం చెప్పే బాధ్యత పూర్తిగా అధ్యాపకులపై పడింది. వారిలో ఎక్కువ మంది ఒప్పంద ప్రాతిపదికన పనిచేస్తున్నవారే కావడం 2022 నాటికి ప్రధాన లోటుగా మిగిలింది.

మనసు వినేవారు కావాలి

2023 జూన్‌లో మూడు రోజుల వ్యవధిలో ఇద్దరు పీయూసీ విద్యార్థినులు మృతి చెందడం రెండు జిల్లాల్లోని తల్లిదండ్రులను కలచివేసింది. ఇలాంటి ఘటనలను ఏదో ఒక్క కారణానికి ముడిపెట్టడం సరికాదు. అయితే పదిహేను, పదహారేళ్ల పిల్లలకు పాఠం చెప్పేవారితో పాటు చెప్పేది వినేవారూ ఉండాలన్న అవసరాన్ని అవి గుర్తుచేశాయి. డిగ్రీ విద్యార్థికి సరిపోయే క్రమశిక్షణ, పర్యవేక్షణ పీయూసీ విద్యార్థికి సరిపోవు. ఈ వయసువారు పరీక్ష తప్పితే జీవితమే తప్పిపోయినట్లు భావిస్తారు. ఇంట్లో చెబితే అమ్మానాన్నలు బాధపడతారని దాచుకుంటారు. మాటలు తగ్గిపోవడం, భోజనం మానేయడం, ఫోన్‌లో పొడిపొడిగా జవాబివ్వడం వంటి మార్పులు కనిపిస్తే తల్లిదండ్రులు ఆలస్యం చేయకుండా వెళ్లి పలకరించాలి. మానసిక ఒత్తిడిలో ఉన్నవారు, వారి కుటుంబ సభ్యులు టెలీ మానస్ ఉచిత సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఏ సమయంలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

చేరేముందు..

సీటు వచ్చిందన్న సంతోషంలో కౌన్సెలింగ్ రోజున సంతకాలు చేసి పిల్లలను వదిలి వచ్చేస్తే సరిపోదు. వసతి గృహం సంరక్షకులు ఎవరు, రాత్రి వేళ అనారోగ్యం వస్తే ఎవరికి చెప్పాలి, ఔట్‌పాస్ నిబంధనలు ఏమిటి, ఎన్ని సబ్జెక్టులు తప్పితే ఏడాది నష్టపోతారు, బ్రాంచి కేటాయింపు ఎలా జరుగుతుంది అన్న విషయాలను అదే రోజు అడిగి తెలుసుకోవాలి. అన్నింటికంటే ముందు పిల్లల ఇష్టాన్ని అడగాలి. పీయూసీ తర్వాత బయటకు వచ్చే మార్గం ఉందని, అలా రావడం ఓటమి కాదని వారికి ముందే చెప్పి పంపాలి.

సొంతంగా ఇంజినీరింగ్ ఫీజు కట్టలేని వేలాది కుటుంబాలకు బాసర ఓ ఆసరా. ఆ ఆసరా నిలవాలంటే ఇక్కడి వంటశాలను, పడక గదిని, ఆసుపత్రిని కూడా తరగతి గదితో సమానంగా చూడాలి. ఆరేళ్ల పాటు ఈ పిల్లలకు విశ్వవిద్యాలయమే ఇల్లు.