మంచుపెట్టెలోని బంగాళాదుంప బిళ్లలు

నగుమొగములవలెను, నక్షత్రములవలెను అచ్చొత్తి గడ్డకట్టించిన బంగాళాదుంప బిళ్లలను అంగళ్లలో అమ్ముచున్నారు గదా. పిల్లలు బడినుండి ఆకలితో వచ్చు వేళకు అక్కఱకు వచ్చునేమో యని చౌకరకపు పొట్లము నొకదానిని మేమును కొని చూచితిమి.

మొదటి వాయి చెడినది. మంచు కరగనిచ్చి వేయించుటచే బిళ్లలు మెత్తబడి, మూకుడులో విచ్చిపోయి, నూనె త్రాగినవి. రెండవ వాయిని మంచుపెట్టెనుండి తీసినవి తీసినట్లే, బాగుగ కాగిన నూనెలో కొలదికొలదిగా వేసితిమి. మూడు నాలుగు నిమిషములలో పైన కరకరలాడుచు, లోపల మెత్తగా వచ్చినవి. అంటిన మంచుపలుకులను దులుపనిచో నూనె చిందును సుమా! మిగిలినవానిని సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో నుంచవలయును. కరగినవానిని మరల గడ్డకట్టింపరాదు.

ఉప్పు వీనిలో ముందే యుండును గావున ఆనాటి చారులో తగ్గించితిమి. పప్పునకు, ఆకుకూరకు ఇవి బదులు గావు. మా చిన్నవాడు మాత్రము నక్షత్రములు తనకు, నగుమొగములు అక్కకు పంచుచు, చారన్నము మారుమాట లేక తినెను.