వైద్యశాలలో కాలగణనము

పెద్ద ఆసుపత్రులందు అత్యవసర చికిత్సా విభాగము ఉండును. ప్రమాదములకు లోనైనవారును, హఠాత్తుగా వ్యాధిగ్రస్తులైనవారును రాత్రింబవళ్లు అచటికి వచ్చుచుందురు. అచట కొన్ని నిమిషముల ఆలస్యమైనను ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. కావున వైద్యుల కాలము ఏయే పనులకు ఎంతెంత వినియోగపడుచున్నదో తెలిసికొనుట మిక్కిలి అవసరము. వైద్యులనే అడిగి తెలిసికొందమన్నచో, పని తొందరలో నున్నవారికి గడచిన నిమిషముల లెక్క జ్ఞాపకముండదు.

పనిని కొలుచుట క్రొత్త విషయము కాదు. అమెరికా దేశీయుడగు ఫ్రాంక్ గిల్‌బ్రెత్ (1868–1924) తాపీపనివారి కదలికలను పరిశీలించి, అనవసరమైన వానిని తొలగించెను. పిదప శస్త్రచికిత్సలను చలనచిత్రములుగా తీయించి చూచెను. పనిముట్లను వెదకికొనుటలో వైద్యుని కాలము వ్యర్థమగుచున్నదని గ్రహించి, సహాయకురాలే వానిని చేతికందింపవలెనని సూచించెను.

మన కాలమున ఆస్ట్రేలియాలో జొహానా వెస్ట్‌బ్రుక్ అను పరిశోధకురాలును, ఆమె సహచరులును ఈ పనికి అరచేత ఇముడు చిన్న కంప్యూటరును ఉపయోగించిరి. పరిశీలకుడు దానిని చేతబూని వైద్యుని వెంట నీడవలె నడచును. రోగిని పరీక్షించుట, మందు వ్రాయుట, తోడివారితో సంప్రదించుట — ఇట్లు పని మారినపుడెల్ల ఆ సంగతిని తెరపై గుర్తించును. కాలమును యంత్రమే లెక్కించును. వైద్యుడు ఒకేసారి రెండు పనులు చేసినను, ఎవరైన వచ్చి నడుమ ఆపినను అదియు నమోదగును.

2010లో ప్రకటింపబడిన పరిశోధనలో వారు 40 మంది వైద్యులను 210 గంటలపాటు గమనించిరి. వైద్యునికి గంటకు సగటున 6.6 సార్లు అంతరాయము కలిగెను. అట్లు ఆగిన పనులలో నూటికి 18.5 పనులకు వారు మరల రానేలేదు! 2018లో వెలువడిన మరియొక పరిశోధన ఇంకను ముఖ్యమైన సంగతి తెలిపెను. మందు వ్రాయుచుండగా అంతరాయము కలిగినచో, కొన్ని విధములైన తప్పులు దాదాపు మూడు రెట్లగుచున్నవి.

అయినను, అంతరాయములన్నియు చెడ్డవి కావు. రోగి స్థితి విషమించినపుడు నర్సు పిలువక తప్పదు. ఏ పిలుపు అవసరమో, ఏది కొంతసేపు ఆగగలదో వేరుచేయుటకే ఈ లెక్కలు తోడ్పడును. వైద్యుని తప్పుపట్టుట వీని ఉద్దేశము కాదు. పనిచేయు తీరును చక్కదిద్దుటయే ప్రయోజనము. మందు వ్రాయుచున్న చేతిని అకారణముగా ఆపకుండుటయు రోగికి చేయు సేవయే యగును.